వియ్యంకుడి రెండు రూపాయల బిళ్ళ

నందిగామలో ఎరువుల కొట్టు నడిపే వెంకటరత్నానికి వింత నాణేల పిచ్చి. ముద్ర తప్పిన బిళ్ళ ఎవరికి దొరికినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. భూతద్దం కంటికి ఆనించి ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. కూరలో ఉప్పెక్కువైందని పెళ్లాంతో అనడానికి నోరు రాని మనిషి, నాణెం దగ్గర మాత్రం దేవుడొచ్చి అడిగినా మొహమాటపడేవాడు కాదు. కాకపోతే అప్పటిదాకా వియ్యంకుడెవరూ బిళ్ళ చూడమని అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి వియ్యంకుడు వీరరాఘవయ్య ఫోన్ చేశాడు.

"బావగారూ, మా ఇంట్లో రెండు రూపాయల డబుల్ డై బిళ్ళ తేలిందండి. మీరొచ్చి ఒక్క మాట అంటే చాలు."

కూతురు ఉషశ్రీని ఆ ఇంటికిచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. పిలిచాక వెళ్లక తప్పుతుందా? వెళ్లేసరికి వీధి అరుగు మీద ఇరుగుపొరుగు, హాల్లో మైలవరం నుంచి వచ్చిన థామస్ మాస్టారు. మాస్టారు నాణేలు సేకరిస్తాడు. ఈ బిళ్ళ కొనడానికే ఆల్బమ్ పట్టుకుని వచ్చాడు.

"మీరు చూశాక ఇంక నేను చూసేదేముందండీ," అన్నాడాయన.

వెంకటరత్నం భూతద్దం తీశాడు. బిళ్ళ మీద 'భారత్' అన్న హిందీ అక్షరాలు రెండేసిగా కనిపిస్తున్నాయి. అచ్చు చెక్కేటప్పుడే ముద్ర రెండుసార్లు పడితే అక్షరం రెండుగా చీలి, రెండూ గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. అదే అసలు డబుల్ డై, వేలల్లో పలుకుతుంది. బిళ్ళ కొట్టేటప్పుడు మిషన్ వదులై అచ్చు కదిలితే అక్షరం అంచు నలిగి మెట్టులా చదునవుతుంది. దాన్ని కొనేవాడుండడు. ఇక్కడ ఉన్నది మెట్టే. ఒక్క చూపుకే తెలిసిపోయింది. అయినా ఆయన భూతద్దం దించలేదు, దించితే మాట్లాడాలి గనుక.

"వీధి వీధంతా చెప్పేశానండి. మా బావగారి నోటితోనే వింటారులే అన్నా," అంటున్నాడు వీరరాఘవయ్య.

పెళ్లిలో పెరుగు పుల్లగా ఉందని నెల్లాళ్లు మాట్లాడని మనిషాయన. ఇంతమందిలో కాదంటే ఊరుకుంటాడా? తను బస్సెక్కి వెళ్లిపోతాడు, ఆ కోపమంతా పడేది ఉషశ్రీ మీదే. అడకత్తెరలో పోకచెక్క అయింది వెంకటరత్నం పని. వంటింటి గుమ్మంలో నిలబడి కూతురు తన వైపే చూస్తోంది. గట్టెక్కించు నాన్నా అని వేడుకుంటున్నట్టే అనిపించింది ఆ చూపు.

"అసలుదే బావగారూ," అన్నాడు.

జీవితంలో మొదటిసారి నాణెం మీద అబద్ధమాడాడు. కానీ పిల్ల కోసమే గదా అని సర్దిచెప్పుకున్నాడు.

వీరరాఘవయ్య తొడ చరిచి వంటింటి వైపు తిరిగాడు.

"విన్నావా అమ్మాయ్? వారం నుంచీ అది ఉత్త మిషన్ దెబ్బని నాతో ఒకటే వాదన! 'మా నాన్నని పిలిపించండి మామయ్యగారూ, ఆయనా ఇదే అంటాడు, నాణెం దగ్గర ఆయన అబద్ధం చెప్పడు' అన్నావుగా. ఇప్పుడేమంటావ్?"

అరుగు మీద నవ్వులు లేచాయి. వెంకటరత్నం కూతురి వంక చూశాడు. చిన్నప్పుడు కొట్లో తన పక్కనే కూర్చుని, ఇదే భూతద్దంలోంచి మెట్టుకీ ఉబ్బుకీ తేడా నేర్చుకున్న పిల్ల అది. బెదిరి చూసిందనుకున్నాడు. అది నమ్మకంతో చూసింది.

ఇప్పుడైనా నిజం చెబుదామని నోరు తెరిచాడు. థామస్ మాస్టారు అప్పటికే బిళ్ళని ఆల్బమ్‌లో పెట్టుకుని, వెంకటరత్నం వంక చూసి చేతులు జోడిస్తున్నాడు. వెంకటరత్నం భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

ఉషశ్రీ వచ్చి తండ్రి ముందున్న కాఫీ గ్లాసు తీసింది.

"నాన్న చెప్పాక ఇంకేముందండీ. నేనే సరిగ్గా చూళ్లేదు," అంది, మామగారితోనే.

తండ్రి వంక చూడలేదు.