ఆకుపచ్చ తీగ

పళ్ల డాక్టరు గదిలో నిచ్చెనెక్కి ఫ్యాను బిగిస్తున్న కరెంటాయనకు కూతురి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. పనిలో ఉండగా ఆయన ఎవరి ఫోనూ ఎత్తడు, కూతురిదైతే ఎత్తుతాడు. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంచుకుని, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"నాన్నా, పనిలో ఉన్నావా? పెద్ద విషయమేం కాదులే. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది, చీమ కుట్టినట్టు. ఇందాక వాషింగ్ మెషీనూ అంతే చేసింది."

స్క్రూడ్రైవరు జారి కింద పడింది. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న రోగి ఆ చప్పుడుకి ఉలిక్కిపడి, డాక్టరు వేలు కొరికినంత పని చేశాడు.

"ఎప్పట్నుంచి?"

"పొద్దున బాగానే ఉంది. మామయ్యగారు పెరట్లో కుళాయి గొట్టానికి కాలవ తవ్విస్తున్నారు. తవ్వేవాళ్లు ఇప్పుడే భోజనానికి వెళ్లారు. ఆయనేమో గొట్టం కొనడానికి వెళ్లారు. ఒక అరగంట అయ్యుంటుంది మొదలై."

 ఆ పెరట్లోనే, గోడ మూలన, భూమిలోకి దిగిన ఎర్తు కడ్డీ ఉంది. గడ్డపార దెబ్బకు దాని తీగ తెగిందన్నమాట. ఎర్తు తెగినంత మాత్రాన మామూలు ఇంట్లో అప్పటికప్పుడు ఏమీ జరగదు. ఆ ఇంట్లో జరుగుతుంది. ఎందుకు జరుగుతుందో లోకంలో ఆయనొక్కడికే తెలుసు.

పోయిన ఆదివారం అల్లుడు ఎనిమిది స్మార్టు స్విచ్చులు తెప్పించాడు. ఎక్కడున్నా ఫోనులోంచే లైట్లు వేయొచ్చు, ఆర్పొచ్చు. "ఎంతసేపు, గంట పని!" అని కరెంటాయన కోతలు కోశాడు. తీరా బోర్డు విప్పితే లోపల న్యూట్రల్ లేదు. పాత ఇళ్లలో అంతే. కరెంటు ఒక తీగలో వచ్చి, బల్బు వెలిగించి, ఇంకో తీగలో తిరిగి వెళుతుంది. ఆ తిరిగి వెళ్లే తీగే న్యూట్రల్. ఇల్లు కట్టినవాళ్లు దాన్ని పైన బల్బు దగ్గరే వదిలేశారు, స్విచ్చు దాకా దించలేదు. పాత స్విచ్చుకు దాని అవసరమూ లేదు. అది ఉత్త తలుపు. తీస్తే తెరుచుకుంటుంది, వేస్తే మూసుకుంటుంది. స్మార్టు స్విచ్చు అలా కాదు, అది కాపలావాడు. ఫోను ఏ క్షణాన పిలుస్తుందోనని, లైటు ఆరిపోయినా అది మేలుకునే ఉండాలి. మేలుకుని ఉండేవాడికి తిండి పెట్టాలి. న్యూట్రల్ లేకపోతే దానికి ఆ తిండి అందదు.

పైనుంచి కొత్త తీగ దించుదామంటే గోడలో గొట్టం పూడుకుపోయి ఉంది. రెండు గంటలు కుస్తీ పట్టాడు. వియ్యపురాలు నిచ్చెన కింద నిలబడి, "ఏం అన్నయ్యగారూ, గంట పనన్నారు? మీ గడియారంలో గంటకెన్ని నిమిషాలేంటి?" అంది. అల్లుడు పకపకా నవ్వాడు. కూతురు మాత్రం తండ్రి ముఖం చూసి తల దించుకుంది. ఆ దించుకున్న తలే ఆయన చేత తప్పు చేయించింది. ప్లగ్గు కోసం బోర్డులోకి వచ్చిన ఆకుపచ్చ ఎర్తు తీగ ఉంది కదా, స్విచ్చుకు న్యూట్రల్ అందాల్సిన చోట దాన్ని కలిపేశాడు. లైటు టక్కున వెలిగింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. మిగతా ఏడింటికీ అదే పని చేశాడు.

ఆకుపచ్చ తీగ ఆపదలో ప్రాణం కాపాడటానికి ఉంచిన దారి. ఫ్రిజ్జూ గీజరూ మెషీనూ, ఇనుప ఒళ్లున్నవన్నీ దానికే కట్టి ఉంటాయి. ఇప్పుడు ఆ దారి పెరట్లో తెగిపోయింది. ఎనిమిది స్విచ్చుల్లోంచి భూమిలోకి పోవాల్సిన కరెంటు వెళ్లే చోటు లేక ఆ ఇనుప ఒళ్లలోకి ఎక్కి కూర్చుంది.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నా. ఏదీ ముట్టుకోకు. మీ అత్తయ్య ఏరి?"

"ఇప్పుడే స్నానానికి వెళ్లారు. గీజరు వేసుకున్నారు."

కరెంటాయన నిచ్చెన దిగాడో దూకాడో ఆయనకే తెలియదు. "పిలువు! కుళాయి ముట్టుకోవద్దని చెప్పు! వెంటనే మెయిన్ ఆపెయ్!"

"అంత కంగారెందుకు నాన్నా? మీ అల్లుడికి ఫోను చేసి చెప్పాను. ఆఫీసులోంచే ఫోనులో ఎనిమిది స్విచ్చులూ ఆపేశారు. ఇంక భయం లేదన్నారు."

"అది ఆపినట్టు కాదమ్మా! లైటు ఆరుతుంది, అంతే. స్విచ్చు ఆరదు."

"ఆయనకి ఆ మాత్రం తెలీదా? బాత్రూంలో మాత్రం పాత స్విచ్చే, ఇప్పుడు మెయిన్ ఆపితే అక్కడా చీకటైపోతుంది. అత్తయ్య సంగతి నీకు తెలుసుగా, ఇల్లు పీకి పందిరేస్తారు."

అబద్ధం ఆయన నాలుక చివరి దాకా వచ్చింది. ఫ్రిజ్ పాడైందనొచ్చు, ప్లగ్గు లూజైందనొచ్చు. కానీ అలా అంటే ఈ పిల్ల మొగుడి మాటే పట్టుకుని కూర్చుంటుంది. గదిలో డాక్టరు, రోగి, నర్సు ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు.

"ఆయనకి తెలీదమ్మా. నేను చేసిన పని ఎవరికీ తెలీదు. న్యూట్రల్ దొరక్క ఎర్తుకు కలిపాను. తప్పని తెలిసే కలిపాను. ఎర్తు తెగింది, గీజరు ఒంట్లోనూ దాని కుళాయిలోనూ కరెంటుంది. మీ అత్తయ్య ప్రాణం పోతుంది. పరిగెత్తు!"

 అవతల అడుగుల చప్పుడు, రొప్పు.

"అత్తయ్యా! కుళాయి ముట్టుకోకండి!"

"ఏంటే? వినపడట్లేదు!"

"వసారాలోకొచ్చాను నాన్నా. ఇనుప పెట్టె. పిడి లాగనా?"

"ఆగు!" ఆయన అరుపుకు నర్సు చేతిలో పళ్లెం కదిలింది. మెయిన్ పెట్టె కూడా ఇనుపదే. దానికీ ఆ ఆకుపచ్చ తీగే. "చెయ్యి పెట్టకు! కాళ్లకేమున్నాయి?"

"ఏం లేవు."

"నేల?"

"తడి. తవ్వినవాళ్లు ఇక్కడే కాళ్లు కడుక్కున్నారు."

"వెనక్కి జరుగు. రబ్బరు చెప్పులు వేసుకో. పొడి చెక్కపీట మీద నిలబడు. చీపురు కర్రతో పిడిని కిందికి నెట్టు. పెట్టె వైపు ఒళ్లు వాలనివ్వకు."

ఫోను ఎక్కడో పెట్టిన శబ్దం. పీట ఈడ్చిన శబ్దం. కర్ర ఇనుముకు తగిలి జారింది. "రావట్లేదు నాన్నా, బిగుసుకుపోయింది!" ఆ వెనకాలే బాత్రూంలోంచి, "ఎవరితోనే ఆ అరుపులు? ఉండు, బకెట్లోకి వేడినీళ్లు తిప్పి వస్తున్నా."

వేడినీళ్లు రావాలంటే కుళాయి ముట్టుకోవాలి. ఆయన కళ్లు మూసుకున్నాడు. "రెండు చేతులతో పొడువమ్మా!"

ఠక్కుమంది.

ఇంకే శబ్దమూ లేదు. కరెంటాయన ఊపిరి బిగపట్టి ఆ నిశ్శబ్దాన్ని వింటున్నాడు. ఒకటి, రెండు, మూడు...

"చచ్చింది కరెంటు! మీ నాన్న పెట్టిన దిక్కుమాలిన స్విచ్చులు!"

ఆయన గోడకు జారబడి నేల మీద కూలబడ్డాడు. అంత కమ్మటి తిట్టు జన్మలో వినలేదు. డాక్టరు ఏమీ అడక్కుండా మంచినీళ్ల గ్లాసు అందించాడు.

అరగంటలో కరెంటాయన ఆ ఇంట్లో ఉన్నాడు. వియ్యపురాలు తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చుంది. కూతురు గుమ్మానికి ఆనుకుని నిలబడింది, చేతిలో చీపురు కర్ర ఇంకా అలాగే ఉంది. ఆయన ఆకుపచ్చ తీగ సంగతి మొదట్నుంచీ చెప్పాడు. పూడిపోయిన గొట్టం మీదికి నెపం నెట్టలేదు.

వియ్యపురాలు ఏదో ఒక పోటు పొడుస్తుందని ఎదురుచూశాడు. పొడిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె తన కుడిచేతినే చూసుకుంటూ, "కుళాయి దాకా వెళ్లింది ఈ చెయ్యి. ఇంకో జానెడుంది," అంది మెల్లగా.

"వదినగారూ, ఏ శిక్ష వేసినా..."

"శిక్ష సంగతి తర్వాత. ఈ తెలివితేటలు మా ఇంటి మీదేనా, ఇంకెక్కడైనా చూపించారా?"

ఆయన పనిసంచి సర్దుకోబోయాడు.

"నాన్నా?" అంది కూతురు.

"రెండిళ్లు," అన్నాడు చివరికి. "ఒక టీచరమ్మది, ఒక బట్టల కొట్టాయనది. వాళ్ల ఎర్తులు బాగానే ఉన్నాయి. సాయంత్రం ఏదో సర్వీసుకి వచ్చానని చెప్పి వెళ్లి, చప్పుడు కాకుండా మార్చేస్తాను."

"సాయంత్రం దాకా వాళ్లు స్నానాలు మానేస్తారా అన్నయ్యగారూ?"

మెయిన్ ఆపి ఉండటంతో గదిలో ఫ్యాను తిరగడం లేదు, ఉక్కగా ఉంది. ఆయన చెమట చేతిని చొక్కాకు తుడుచుకుని ఫోను తీశాడు. పాతికేళ్లుగా ఆ వీధుల్లో ఆయన పెట్టిన స్విచ్చును ఇంకొకడు విప్పి చూసింది లేదు. కరెంటాయన చేశాడంటే చాలు, ఇంక అడగక్కర్లేదనేవాళ్లు. ఆ మాట ఈ ఒక్క ఫోనుతో పోతుంది. నంబరు నొక్కాడు.

"ఆఁ, చెప్పండి కరెంటాయనా!" టీచరమ్మ గొంతు హుషారుగా ఉంది. "మీ స్విచ్చులు బ్రహ్మాండం. మా చెల్లెలికి కూడా మీ నంబరే ఇచ్చాను."

 కూతురు గుమ్మం దగ్గర్నుంచి కదిలి వచ్చి పక్కన నిలబడింది.

"టీచరమ్మా, ముందు రబ్బరు చెప్పులు వేసుకుని మెయిన్ ఆపండి. నేను బయల్దేరి వస్తున్నాను. మీ ఇంట్లో నేను తప్పు పని చేశాను. తెలిసే చేశాను. మీరు తిట్టాల్సింది ఎంతైనా తిట్టండి, ముందు మెయిన్ ఆపి వచ్చి తిట్టండి."

అవతల గొంతు పెరగడం గదిలో అందరికీ వినిపించింది. ఆయన ఫోను చెవికి దూరంగా జరపలేదు, అంతా విన్నాడు. వియ్యపురాలు బట్టల కొట్టాయన నంబరు వెతికి ఉంచమని కోడలికి సైగ చేసింది.