నీళ్లు నిలవని కొండ

కైమికి అరవై దాటాయి, అతని మోకాళ్లకి ఎనభై. అయినా అన్న కూతురు మోహలా వెంట కొండెక్కుతున్నాడంటే కారణం ఒక్కటే. దాని నోరు మూయించాలి.

మోహలా పిట్టల ఆఫీసులో పనిచేస్తుంది. వంకరముక్కు ఎర్రపిట్టల్లో ఈ కొండ వాలు మీద ఒక్క జంటే మిగిలింది. మొన్న అందులో మగది గూటి కింద పడి చచ్చింది. నెత్తురు తీసి చూస్తే మలేరియా. మనుషులకొచ్చేది కాదు, పిట్టలదే. దోమ ఒక్కసారి కుడితే చాలు, లోపల పురుగు చేరి నెత్తురు నీళ్లయిపోతుంది. గూట్లో పిల్లకి ఇంకా రెక్కలు రాలేదు, తల్లి ఒక్కతే మేపుకుంటోంది. దోమలు పుట్టే చోటు దొరక్కపోతే ఆ రెండూ దక్కవు.

ఉంటేగా దొరకడానికి అని కైమి నిన్న భోజనాల దగ్గర కొట్టిపారేశాడు. కొండంతా లావా రాయి. ఎంత వాన పడినా జల్లెడలో పోసినట్టే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇక్కడే పందుల వేట చేస్తున్నాడు, గుక్కెడు నీళ్లు కావాలన్నా ఇంటి నుంచి మోసుకెళ్లాల్సిందే. మీ ఆఫీసు వెనక మురుక్కాలవ చూసుకోండి ముందు అని ఎత్తిపొడిచాడు కూడా.

మోహలా చేమదుంప ముద్ద గిన్నె పక్కకి జరిపింది. "అయితే చూపించు బాబాయ్. నీళ్లు లేవని తేలితే ఇంక నీ జోలికి రాను."

చూపించడానికే వచ్చాడు. కుక్క పోకి ముందు నడుస్తోంది. ఒకప్పుడు ఒహియా చెట్లు పూశాయంటే ఈ దారిలో ఎర్రపిట్టల గోల భరించలేక కైమి వాళ్ల నాన్న చెవుల్లో వేళ్లు పెట్టుకునేవాడు. ఇప్పుడు పూలు పూసి పూసి రాలిపోతున్నాయి, అడిగే దిక్కు లేదు. ఆ నిశ్శబ్దం కైమికి అలవాటైపోయింది. అలవాటైనందుకే తన మీద తనకి విసుగు.

మధ్యాహ్నం దాకా తిరిగారు. చుక్క నీరు లేదు. కైమి మీసాల్లో నవ్వుకుంటుండగా మోహలా దారి వదిలి హాపూ చెట్ల గుబురులోకి దూరింది. అరటి దవ్వలా లోపల మెత్తగా ఉండే చెట్లవి. "ఇటు రా బాబాయ్" అంది. ఆ గొంతులో గెలిచిన సంబరమేమీ లేదు.

మాను ఒకటి పడి ఉంది. దవ్వంతా గీకి తినేయగా మిగిలింది దోనెలా ఉంది. దాన్నిండా వాననీళ్లు, నీళ్లలో లుకలుకలాడుతూ దోమపిల్లలు. పక్కన ఇంకో మాను, దాని వెనక ఇంకోటి. తిన్నదెవరో కైమికి ఒకరు చెప్పక్కర్లేదు, ఆ కోర గాట్లు కళ్లు మూసుకుని తడిమినా గుర్తుపడతాడు. ఈ దోనెలు చిన్నప్పట్నుంచీ చూస్తున్నవే. పంది ఎటు పోయిందో చెప్పే జాడగా చూశాడే తప్ప, నీళ్లుగా ఏనాడూ చూడలేదు.

మోహలా మెల్లగా అడిగింది. "మీరంతా వేటాడుతూనే ఉన్నారుగా, మరి పందులు ఎందుకు తరగట్లేదు?"

కైమి అక్కడే రాయి మీద కూలబడ్డాడు. పిల్లల తల్లిని ముట్టుకుంటే వచ్చే ఏడు మన పొయ్యిలో పిల్లి లేవదురా అనేవాడు నాన్న. ఆ మాట ఎవరూ జవదాటలేదు. ఇంట్లో పెళ్లయినా చావయినా గుంటలో కాల్చిన మాంసం ఆ మాట చలవే.

"తల్లుల్ని వదిలేస్తాం గదే" అన్నాడు చివరికి. "వేటాడుతున్నాం అనుకున్నాం. పెంచుతున్నాం."

లేచి దోనె బోర్లించాడు. తర్వాత ఇంకోటి. మూడోదానికి నడుం పట్టేస్తే మోహలా రెండో కొస అందుకుంది. గుబురు చూస్తే శిఖరం దాకా ఉంది. ఇన్ని బోర్లించడానికి తన ఆయుష్షు చాలదని అతనికి తెలిసిపోయింది.

కింద పోకి మొరిగింది. వెళ్లి చూస్తే ఆడపందిని బండకి అదిమి పట్టుకుని ఉంది. వెనక చారల చారల పిల్లలు. ఇలాంటప్పుడు కైమి ఈల వేస్తాడు, పోకి వదిలేస్తుంది. ఇప్పుడూ ఈల కోసం అతని వంక చూస్తోంది. మోహలా తల తిప్పుకుంది.

కైమి ఈల వెయ్యలేదు. కత్తి తీశాడు.

పిల్లలు చెల్లాచెదురై గుబురులోకి పోయాయి. వాటికోసం మళ్లీ రావాలి. కైమి ఆకులతో చేతులు తుడుచుకున్నాడు, ఎంత తుడిచినా తృప్తి లేదు.

"పందులు రాకుండా కంచె వేస్తామంటున్నారుగా మీ ఆఫీసువాళ్లు, దారి నేను చూపిస్తానని చెప్పు" అన్నాడు. "నాతో వేటకొచ్చే మీ అన్నలకి మాత్రం నువ్వేం చెప్పకు. నేను చెప్తా. తిట్టేది నన్నే తిట్టనీ."

పైన ఎక్కడో తల్లిపిట్ట ఒక్కసారి అరిచింది, తుప్పుపట్టిన తలుపు కిర్రుమన్నట్టు. పోకి అటు చూడలేదు. అది ఇంకా కైమి పెదాల వంకే చూస్తోంది.