నాయన నోట్లో మిగిలిన మాట

మా అన్న పాండురంగం చదువుకున్నవాడేం కాదు. నేనూ కాదు. నేను ఆరో తరగతిలో బడి మానేస్తే వాడు మూడులోనే మానేశాడు. కానీ ఏ మనిషిని ఎక్కడ పట్టుకుంటే కదులుతాడో వాడికి తెలిసినంత నాకు తెలియదు. సొంత తండ్రి జబ్బును కాడికి కట్టి దున్నుకున్నవాడు వాడు. ఈ మాట వాడి ముఖం మీదే అన్నాను. మా ఊరు ధర్మసాగర్‌లో ఎవరికైనా అనుమానం ఉంటే వచ్చి అడగవచ్చు. నేనెక్కడికీ పారిపోలేదు. వరంగల్‌లో పెద్ద దవాఖాన గేటు ఎదుట నా చాయ్ బండి దగ్గరే ఉంటాను.

మా నాయన పేరు మొగిలయ్య. ఊళ్లో, ఎడ్లతో నీళ్లు తోడే మోట బావి కింద మాకు కొంత పొలం ఉండేది. అది నాయన పేరు మీదే ఉంది. అన్నదమ్ములిద్దరికీ చెరి సగమని ఇంట్లో చెప్పాడు గాని పెద్దమనుషుల ముందు చెప్పలేదు. మా ఊళ్లో తండ్రి పెద్దమనుషుల ముందు నోరు తెరిచి చెప్పిందే పంపకం. "దసరా పోనీయిర్రి, చెప్త" అంటూ వచ్చాడు. డెబ్బై ఎనిమిదిలో ఆ దసరా రాకముందే, ఒక పొద్దున ఎడ్లకు గడ్డి వేస్తూ కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి పక్కకు జరిగింది. మాట పోయింది.

అన్న చేసిన మొదటి పని పావురాలు కొనడం. గాలి సోకిందని, పావురం నెత్తురు పూసి మర్దన చేస్తే దిగిపోతుందని ఊరంతా చెప్పింది. కబురంది నేను వెళ్లేసరికి నాయన కుడి పక్కంతా నెత్తురు ఎండి నల్లబడి, ఈగలు ముసురుతున్నాయి. అన్నతో పోట్లాడి దవాఖానకు తెచ్చాను.

అక్కడ నాలుగు రోజులకు నాయన నోరు కదిలింది. వచ్చింది ఒకటే మాట: "ఆఁ."

నా బండి దగ్గర రోజూ చాయ్ తాగే డాక్టరమ్మ ఒకామె ఉండేది, మెహరున్నీసా అని. మెడికల్ కాలేజీలో శవాలను కోసి పిల్లలకు పాఠం చెప్పేది. ఒకసారి వచ్చి చూడమని బతిమాలితే వచ్చి, నాయన మంచం మీదే కూర్చుంది.

"పెద్దయ్యా, మీ పేరు మొగిలయ్యనా?"

"ఆఁ."

"మీది ధర్మసాగరేనా?"

"ఆఁ."

నా ప్రాణం లేచి వచ్చింది. "చూసిండ్రా డాక్టరమ్మా, అన్నిటికి జవాబు చెప్తాండు."

"జర ఆగన్నా." ఆమె నాయన వైపు వంగింది. "పెద్దయ్యా, నువ్వు ఆడమనిషివా?"

"ఆఁ."

పక్క మంచం ముసలాయన కిసుక్కుమన్నాడు. నాయన కూడా నవ్వాడు, సగం మూతితో. నవ్వుతూనే కాదు కాదని ఎడమ చెయ్యి అడ్డంగా ఊపాడు. నోరు మాత్రం మళ్లీ "ఆఁ" అంది. అప్పుడు నవ్వు ఆగి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈయనకు అంత సమజైతాంది," అంది డాక్టరమ్మ. "లోపల కాదనే అంటాండు. ఏమనబోయినా బయటికి గదొక్కటే వస్తాంది. ఈ ఆఁ ని పట్టుకొని ఆయన ఒప్పుకున్నడని మాత్రం ఎన్నడూ అనుకోకు."

"అట్లెట్లైతది తల్లీ? మనసుల ఒకటి, నోట్లె ఒకటా?"

"చూపిస్త. ధైర్యముంటే రేపు మధ్యాహ్నం కాలేజీకి రా."

వెళ్లాను. లోపల మందు వాసనకు కళ్లు మండాయి. ఎనామిల్ పళ్లెంలో బూడిదరంగు ముద్ద ఒకటి పెట్టింది. అది మనిషి మెదడని చెప్పగానే నాకు తెలియకుండానే చెప్పులు విడిచాను. ఆమె చేతి తొడుగు ఇచ్చి ముద్దను నా చేతిలో పెట్టింది. కిలోంబావు కంటే కాస్త ఎక్కువ బరువు ఉంటుందేమో. మీదంతా వంకర టింకర చాళ్లు. నాగలి ఎక్కడా ఎత్తకుండా దున్నిన పొలం లాగుంది.

"మందుల ఉండి గట్టిపడ్డది గాని, బతికున్నప్పుడు జున్ను లెక్కుంటది," అంది.

జున్ను! దానిలోనేనా ఇన్నేళ్ల నా కోపం? చచ్చిపోయిన మా అమ్మ ముఖం కూడా దానిలోనేనా? చేతిలో ఉన్నది ఎవరిదో, వాళ్లమ్మ ముఖం ఎక్కడ దాచుకున్నారో అని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఏ చాలు చూసినా ఒకటే రంగు.

వెనక కింద చిన్న ముద్ద ఉంటే, అది చిన్న మెదడని చెప్పింది. మనిషి తూలకుండా, చెయ్యి గురి తప్పకుండా చూసేది అదట. గేటు వైపు చూస్తూ నేను ఎత్తు నుంచి చాయ్ తిరగబోస్తే చుక్క కూడా కింద పడదు. ఆ పనితనం నా చేతిదని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. కింద బొటనవేలంత కాడ ఉంది. నిద్రలో ఊపిరి ఆగకుండా, గుండె తప్పకుండా కాసేది అది. అక్కడి నుంచి చిటికెన వేలంత తాడు వెన్నెముక లోపల దిగి, నరాలుగా చీలి, అరికాలి దాకా పోతుందట. ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు ఇంత దూరం ఎక్కి వస్తేనే నొప్పని తెలుస్తుందట. నేను అమ్మా అనేలోపే వెళ్లి, వచ్చి, అంతా అయిపోతుంది!

"మీ నాయనకు నెత్తురు నాళం మూసుకపోయింది ఈడ," అని తన ఎడమ కణత మీద వేలు పెట్టింది.

"పడిపోయింది కుడి దిక్కు గదా తల్లీ?"

"కాడ దగ్గర నరాలు అటువి ఇటు, ఇటువి అటు దాటుతయ్. ఎడమది కుడి చేతిని నడిపిస్తది."

"మోటల ఎడ్లు కిందికి దిగితే బొక్కెన పైకి వచ్చినట్టా?"

ఆమె నవ్వింది. "అట్లనే అనుకో అన్నా. చానామందికి మాటలు పుట్టేది సుత ఎడమ దిక్కే. గందుకే రెండు కలిసి పోయినయ్."

"మాట మల్ల వస్తదా?"

"రావొచ్చు. నెలలు పట్టొచ్చు. రాకపోవచ్చు సుత. తొందర చెయ్యకుర్రి."

బయటికి వచ్చాక చాలాసేపు బండి మీద పొయ్యి వెలిగించలేదు. రోడ్డు మీద పోయే ప్రతివాడి తలలో అలాంటిది ఒకటి ఉందని చూస్తూ నిలబడ్డాను. రిక్షావాడి తలలో, బిచ్చగాడి తలలో, మా అన్న తలలో కూడా.

ఆ వారమే ఇంకో వింత జరిగింది. నాయనకు గంజి తాగిస్తూ ఊరికే మోట పాట కూనిరాగం తీశాను.

"దిగుర దిగుర నల్లెద్దా..."

నాయన అందుకున్నాడు. "నీళ్లు పైకొచ్చె నల్లెద్దా. ఎక్కుర ఎక్కుర నల్లెద్దా, బొక్కెన మునిగె నల్లెద్దా!" మాటకు మాట, ఒక్క అక్షరం పోకుండా పాడాడు. "నాయనా, నీళ్లు గావాల్నా?" అంటే మాత్రం మళ్లీ "ఆఁ." నీళ్లు పోస్తే తల తిప్పేసుకున్నాడు.

డాక్టరమ్మ పరుగున వచ్చి విన్నది. "పుస్తకంల చదివిన గాని చెవులార వినుడు ఇదే మొదలు," అంది. "పాట వేరే దారిన వస్తదంటరు, కుడి దిక్కు నుంచి. పూర్తిగ మాక్కూడ తెల్వదు."

అంత చదివినామె తెలియదు అనేసరికి నాకు ఒళ్లు జలదరించింది.

దవాఖానలో పేరు కొట్టేసి ఇంటికి పొమ్మన్నాక అన్న వచ్చి నాయనను ఊరికి తీసుకుపోయాడు. నెల తిరగకముందే పంచాయితీ పెట్టించాడు. పెద్దమనిషి వెంకట్రాజం పటేలు, మిగతా వాళ్లు మా వాకిట్లో కూర్చున్నారు. అన్న చెప్పేదేమంటే, భూమంతా తనకే ఇస్తానని నాయన ఒప్పుకున్నాడట. తమ్ముడికి పట్నంలో బండి ఉంది కదా అట.

"పటేలా, మా నాయనకు మాట లేదు. డాక్టరమ్మ చెప్పింది," అన్నాను.

"మాట లేకుంటే ఇదేంది?" అని అన్న మోట పాట ఎత్తుకున్నాడు. నాయన మంచం మీద నుంచే గొంతు కలిపాడు. ఆ బావి నీళ్ల చప్పుడు వినబడ్డట్టు పాడాడు. నాకు ఎదురు తిరగబోతున్న పాట అది. అయినా నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ముసలివాళ్లు కండువాలతో కళ్లు తుడుచుకున్నారు.

"ఇంత నున్నగ పాడెటోనికి మాట లేదంటవేంది ఐలయ్యా?" అన్నాడు వెంకట్రాజం.

"పాట వేరు, మాట వేరు పటేలా! జర నువ్వే అడిగి చూడు, ఆడదానివా అని. దానికి సుత ఆఁ అంటడు."

వాకిలంతా గొల్లుమంది. వెంకట్రాజం కర్ర నేలకు కొట్టాడు. "థూ! కన్న తండ్రిని నలుగుట్ల ఆ మాట అడగమంటవురా? పట్నం నేర్పిన బుద్ధేనా ఇది?"

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న మా ఊళ్లో అడగకూడని ప్రశ్న. అది నాకు అక్కడే తెలిసింది.

ఆచారం ప్రకారం మూడుసార్లు అడిగారు. "మొగిలయ్యా, బావి కింది భూమి పాండురంగానికేనా?" మూడుసార్లూ "ఆఁ." ప్రతిసారీ నాయన ఉక్రోషంలో ఎడమ చెయ్యి అడ్డంగా ఊపడం మరిచి, దానితోనే మంచం పట్టెను దబదబ బాదాడు.

"చూడు, చెయ్యి కొట్టి మరీ చెప్తాండు," అన్నాడు ఎవరో.

నేను మంచం దగ్గర కూలబడ్డాను. "నాయనా, భూమంత నాకిస్తవా?"

"ఆఁ."

కొందరు నవ్వారు. వెంకట్రాజం లేచి నిలబడ్డాడు. "మూడు మాటలైనంక నాలుగోది లెక్కల రాదురా."

నాయన నా మణికట్టు పట్టుకుని నోరు తెరిచాడు. కాదు అనే మాట ఆ జున్నులో ఎక్కడో ఉంది, కళ్ల దాకా వచ్చింది. నోటి దాకా దారి లేదు. పిడికెడు చోట దారి మూసుకుపోతే ఒక ఇంటి పొలం చేతులు మారిపోతుంది. దేవుడు ఇంత పెద్ద పనిని ఇంత మెత్తటి చోట పెట్టాడెందుకో!

బావి కింద మొత్తం రెండెకరాల ముప్పై ఆరు గుంటలు. నాకు పోయింది ఎకరం పద్దెనిమిది గుంటలు.