వాయవ్యంలో ఏమీ లేదు

మా అన్నయ్య సెల్ టవర్లెక్కే మనిషి. నేను వాతావరణ కార్యాలయంలో రాడార్ చూసే మనిషిని. రోజూ పొద్దున నడుముకు బెల్టు బిగించుకుని నాకు ఫోన్ చేసేవాడు. "ఏమే వానలమ్మా, ఎక్కనా వద్దా?" నేను తెర చూసి చెప్పేదాన్ని. పదేళ్లలో ఒక్కసారీ నా మాట దాటలేదు.

వాళ్ల కంపెనీ టవర్లకు కొత్త వైర్‌లెస్ పెట్టెలు బిగించడం మొదలుపెట్టాక మా తెరకు తెగులు పట్టింది. ఆ పెట్టెల తరంగాలు మా రాడార్ తరంగాల్లోకి చొరబడేవి. తెర మధ్య నుంచి వాయవ్యం అంచు దాకా ఒకటే పసుపు చార. అక్కడ చినుకు ఉండదు, తెర మీద మాత్రం కుండపోత. వాన అని మేం చెప్పడం, రాలేదని జనం ఫోన్లు చేసి కడిగేయడం! ఎన్ని ఉత్తరాలు రాసినా కంపెనీ వాళ్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

"మీ పెట్టెలు నా కొంప ముంచుతున్నాయిరా బాబూ" అంటే అన్నయ్య నవ్వేవాడు. "బిగించేదాకే నా పని. ఆ తర్వాత నువ్వూ, నీ వానా."

నాకు ఒళ్లు మండింది. ఆ దిక్కు మొత్తాన్ని ఖాళీగా చూపించమని ప్రోగ్రాం రాసే అతనికి నేనే చెప్పాను. చార మాయమైంది. ఫోన్లు ఆగాయి. మా అధికారి మెచ్చుకున్నాడు కూడా. మా తెర మీద వాన లేని చోటూ, మేం చూడని చోటూ ఒకే రంగులో ఉంటాయన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున తొమ్మిదిన్నరకు అన్నయ్య వాయవ్యాన గుట్ట మీది టవర్ దగ్గర నుంచి ఫోన్ చేశాడు. "ఇక్కడ గాలి కాస్త తేడాగా ఉందే. ఎక్కనా?"

తెర చూశాను. వాయవ్యంలో ఏమీ లేదు.

"శుభ్రంగా ఉంది. భయపడకుండా ఎక్కు."

ఫోన్ పెట్టేసి టీ తెచ్చుకున్నాను. నలభై నిమిషాలకు ఆ టవర్ మీద పిడుగు పడింది. అన్నయ్య ఇంకా పైనే ఉన్నాడు.

ఇప్పుడు తెరకు వేసిన ఆ ముసుగు తీసేశారు. చార మళ్లీ వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకు దాని వంక చూడలేను. ఆ పసుపులో ఒక మనిషి మెట్టు మెట్టు ఎక్కుతూ ఉంటాడు, ఎప్పటికీ పైకి చేరడు. పక్క కుర్చీలో కూర్చునే అతనికి చెబితే సెలవు పెట్టుకోమన్నాడు. సెలవు పెడితే పోతుందా, నా మొహం!

వదిన దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆవిడ అన్నయ్యనే తిట్టేది. "మొండిఘటం! నువ్వు వద్దనే ఉంటావు. వింటేగా?" నేను తల వంచుకుని బట్టలు మడతపెట్టేదాన్ని. చచ్చిపోయినవాడి నెత్తిన నా తప్పు రుద్ది కూర్చున్నాను. సిగ్గులేకుండా మూడు నెలలు.

నిన్న అన్నయ్య బూట్లు తుడుస్తూ మళ్లీ అందుకుంది. "ఆ ఒక్కరోజు నీ మాట విని ఉంటే..."

ఇక నావల్ల కాలేదు. "విన్నాడు వదినా. నేనే ఎక్కమన్నాను. ఆ దిక్కు తెర మీద తుడిపించేసిందీ నేనే."

వదిన బూటు కింద పెట్టింది. చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"తెలుసు," అంది. "ఎక్కబోయే ముందు నాకూ ఫోన్ చేశాడు. చెల్లి ఎక్కమంది, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానన్నాడు."

"మరి ఇన్నాళ్లూ అన్నయ్యని ఎందుకు..."

"ఎన్నాళ్లు తిట్టనిస్తావో చూద్దామని," అంది వదిన.