ఎడమ గేటు చొక్కా

ఇస్త్రీ ఆవిడ పొద్దున్నే బొగ్గులు రాజేసి, పెట్టె వేడెక్కేదాకా వీధిలో వచ్చేపోయేవాళ్ళని తేరిపార చూస్తుంది. వీధికి అది ఇష్టం ఉండదు. నలిగిన చొక్కాతో తిరగడం అంతకన్నా ఇష్టం ఉండదు కాబట్టి ఊరుకుంటుంది.

ఆమె బల్ల మీద బట్టలు మాట్లాడతాయి. ఒంటి మీద ఉన్నంతసేపు విన్న మాటల్ని నూలు పట్టుకుంటుంది, ఉతికినా వదలదు. నీళ్ళు చిలకరించి వేడి పెట్టె పెడితే ఆవిరితో పాటు బయటికొస్తాయి, అదీ ఒక్కసారే. వీధిలో పెళ్ళాలు మొగుళ్ళ చొక్కాలు స్వయంగా తెచ్చి, "తొందరేం లేదు వదినా, నిదానంగా చెయ్యి" అని బల్ల పక్కనే నిలబడతారు. తెలివైన మొగుళ్ళు పాలిస్టర్‌కి మారిపోయారు. తెలివి తక్కువ వాళ్ళు పుట్టింటికెళ్ళిన భార్యల్ని బతిమాలుకుంటున్నారు.

ఇస్త్రీ ఆవిడ మాత్రం విన్నది ఎవరికీ చెప్పదు. బట్ట కాల్చి ఎరగదు. ఆమెకున్న పేరంతా ఆ రెండింటితోనే.

ఆ ఏడు దేశానికి ఎన్నికలొచ్చాయి. గొడుగు పార్టీకీ కత్తెర పార్టీకీ ఓట్లు దాదాపు సగం సగం పడ్డాయి. "ఆస్తిని ఇంత సమంగా పంచడం ఏ తండ్రి వల్లా కాదు" అన్నాడు మంగలి. మళ్ళీ లెక్కపెడతామన్నారు. ఆ మాట అన్న దగ్గర్నుంచి రాళ్ళు పడటం మొదలైంది. దుకాణాలు సగం తలుపులు వేసుకున్నాయి. లెక్కింపు జరిగే పాత గోదాము గేటు ముందు రెండు పార్టీల వాళ్ళూ కర్రలతో కూర్చున్నారు. ఇద్దరు నాయకుల చొక్కాలూ ఇస్త్రీకొస్తే రెండూ ఒకే ఉపన్యాసం చెప్పాయి. ఇస్త్రీ ఆవిడ దగ్గి, రెండో చొక్కాని తొందరగా మడిచేసింది.

ఆమె కొడుకు కానిస్టేబులు. పాలావిడ కొడుకూ కానిస్టేబులే. ఈ రెండోవాడిని వీధంతా నవ్వులోడు అంటుంది. వాడు లాఠీ తీస్తే దొంగ కూడా నవ్వేవాడు. ఇద్దరూ ఒకే బడి, ఒకే స్టేషను.

మళ్ళీ లెక్క మొదలయ్యే రోజు పొద్దున కొడుకు ఖాకీ చొక్కా బల్ల మీద పరిచింది. వాడికున్న రెండో జత యూనిఫారం రాళ్ళు పడ్డ రోజే చిరిగిపోయింది. భుజం మీద పెట్టె పెట్టగానే ఇన్‌స్పెక్టర్ గొంతు వచ్చింది, గోడ అవతలి నుంచన్నట్టు సన్నగా.

"ఎడమ గేటు కమ్మీ తుప్పు పట్టిందయ్యా. జనం తోస్తే ముందు పడేది అదే."

"మరి అక్కడ ఎవర్ని పెడదాం సార్?"

"ఇస్త్రీ ఆవిడ కొడుకుని పెట్టు. వాడు ఎదురు చెప్పడు."

ఇస్త్రీ ఆవిడ ఇంట్లోకి తొంగి చూసింది. కొడుకు గడ్డం గీసుకుంటున్నాడు.

"ఇవాళ ఒంట్లో బాలేదని చెప్పరా."

"బానే ఉంది కదమ్మా."

"బాలేదని చెప్పమంటున్నా."

"ఇవాళ ఆ మాట చెబితే ఉద్యోగం ఊడుతుంది. చొక్కా అయిందా?"

ఆమె పెట్టెని చొక్కా వీపు మీద పెట్టి, చెయ్యి తీసేసి, వీధి వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి పొగ వచ్చింది. కొడుకు పరిగెత్తుకొచ్చేసరికి ఖాకీ మీద పడవ ఆకారంలో నల్లటి కన్నం.

"ఏంటమ్మా ఇది!"

"వయసు మీద పడిందిరా" అంది.

యూనిఫారం లేనివాణ్ణి గేటు దగ్గర నిలబెట్టరు. స్టేషనులో ఫోను దగ్గర కూర్చోమన్నారు. ఆమె ఊపిరి పీల్చుకుంది. గేటు దగ్గర ఆ చోటు ఖాళీగా ఉంటుందనుకుంది, అంతే. చొక్కా లేకపోతే మనిషి ఉండడని ఆమె లెక్క. ఆమె పని అలాంటిది.

మధ్యాహ్నం ఎడమ గేటు పడింది. దాని కింద నవ్వులోడు ఉన్నాడు.

కత్తెర పార్టీ ఒక తరగతి గదికి సరిపడా ఓట్ల తేడాతో గెలిచింది. శవయాత్రలో ఒక పక్క గొడుగు జెండాలు, ఒక పక్క కత్తెర జెండాలు. నవ్వులోడు మావాడంటే మావాడన్నారు. బతికుండగా వాడికి ఎవరూ ఒక టీ కూడా ఇప్పించలేదు.

కొన్నాళ్ళకి పాలావిడ ఉతికిన ఖాకీ చొక్కా సంచిలో పెట్టుకుని వచ్చింది.

"వాడి గొంతు ఇందులోనే ఉందక్కా. పాలు పోసేసి సాయంత్రం వస్తా. నేనొచ్చాకే పెట్టె పెట్టు."

రోజంతా ఆ చొక్కా బల్ల చివర ఉంది. ఇస్త్రీ ఆవిడ బొగ్గులు మార్చింది, విసనకర్రతో విసిరింది, మళ్ళీ మార్చింది. వీధిలో ఎవరూ లేరు. ఒక్కసారి పెట్టె తోస్తే చాలు. ఏమొచ్చిందని అడిగితే, జనం గోల తప్ప ఇంకేమీ లేదమ్మా అనొచ్చు. రెండుసార్లు పెట్టె ఎత్తింది. రెండుసార్లూ ఆ తల్లి సంచి పట్టుకున్న తీరు గుర్తొచ్చి దించేసింది.

పొద్దు వాలాక పాలావిడ వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని నిలబడింది.

ఇస్త్రీ ఆవిడ నీళ్ళు చిలకరించింది. కాలరు మీద పెట్టె పెట్టింది.

"వాడి చొక్కా కాలిందట సార్" అంది ఎవరిదో గొంతు. "ఎడమ గేటుకి ఎవరు?"

తర్వాత నవ్వు. వీధంతా ఎరిగిన నవ్వు. పాలావిడ బల్ల అంచు పట్టుకుంది.

"వాళ్ళమ్మ చేతిలో బట్ట కాలడమేంటి సార్! పెద్దమ్మ ఏదో వినుంటుంది. పోనీలెండి, నేను నిలబడతా."

ఆవిరి కాసేపు పాలావిడ మొహం ముందు నిలిచి చెదిరిపోయింది. ఇస్త్రీ ఆవిడ తల ఎత్తలేదు. పెట్టె కింద బట్ట వేడెక్కిన వాసన వస్తుంటే, పాలావిడే చెయ్యి చాచి పెట్టెని పక్కకి జరిపింది.

"కాల్తుంది" అంది.

"చెల్లీ..."

"చొక్కా చేతులు అలాగే వదిలెయ్. వాటిలో ఇంకా ఉంటాడు."

ముడతలు పోని చొక్కాని అలాగే మడిచి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఇస్త్రీ ఆవిడ తలుపు తీసేసరికి గడప మీద గిన్నెలో పాలు ఉన్నాయి, ఎప్పటిలాగే, కొలత తగ్గకుండా. "అక్కా, పాలు" అనే పిలుపు మాత్రం లేదు. గిన్నె లోపల పెట్టి, బల్ల దగ్గరికొచ్చి కొడుకు కొత్త ఖాకీ చొక్కా పరిచింది. కాలరు నుంచి అంచుదాకా నిదానంగా చేసింది. ఆవిరి బుస్సుమంది. మాట మాత్రం ఒక్కటీ రాలేదు. ఆ చొక్కా వేసుకున్నప్పట్నుంచి, నవ్వులోడు ఎవరి చోట నిలబడ్డాడో ఎరిగిన స్టేషనులో గానీ, వీధిలో గానీ వాడితో ఎవరూ మాట్లాడలేదు.