పూలు చెరిగిన చోటు

"చూశావా, ఎంత మురికి వస్తోందో! ఇన్నాళ్ళూ తుడవకుండా ఏం చేశావు?" అంటూ మా ఆయన స్పిరిట్‌లో ముంచిన గుడ్డ నా ముందు పెట్టారు.

గుడ్డ మీద గోధుమరంగు మరక. అది మురికి కాదు, కుట్టుమెషిన్ నల్లరంగు మీది లక్కపూత. దానితో పాటే మెషిన్ మీద వేసిన బంగారు పూలలో ఒక రేకు కూడా ఊడి వచ్చింది.

"నేను చూసుకుంటాను లెండి" అని గుడ్డ తీసేసుకున్నాను.

మెషిన్ మా అత్తగారిది. ఆవిడ పోయి నెల కాలేదు. రేపు పెయింటర్ వచ్చి దీనికి నల్లరంగు కొట్టి, కొత్త పూలు వేస్తాడట. తరవాత పైన లైటు పెట్టి హాల్లో ఉంచుతారట. "అమ్మకి కుట్టడమంటే సరదా. వచ్చినవాళ్ళకి చూపించుకోవచ్చు" అన్నారు.

సరదా! ఈ ఇంట్లో కర్టెన్లు, దిండు గలీబులు, ఆడపడుచు పిల్లల గౌన్లు, ఈయన స్కూలు చొక్కాలు అన్నీ ఆవిడ సరదాలే. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది ఆవిడ కుట్టుకు కూర్చుంటే "అబ్బ, ఆ టకటక ఆపవే" అని మామగారు లోపల్నుంచి అరిచేవారు. మర్నాడు ఆవిడ కుట్టిన చొక్కాయే తొడుక్కుని వెళ్ళేవారు.

తుడవడం ఆవిడే నేర్పింది. "నీళ్ళు వద్దు. స్పిరిట్ వాసన కూడా తగలనివ్వకు. మెత్తటి పాత గుడ్డ, ఒక్క చుక్క మెషిన్ నూనె. పూల మీద రుద్దకూడదు, అద్దాలి. ఇంటెడు మందిలో మొహం చిట్లించకుండా నా మాట వినేది ఇదొక్కటేనే అమ్మాయ్" అని నవ్వేది.

అలాగే అద్దుతూ వచ్చాను. నల్లటి నిగనిగ మెల్లగా తేలింది. సూదికి ఎడమపక్కన నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ పూలు లేవు, పూతా లేదు. ఇనుము బయటపడి నున్నగా ఉంది. గుడ్డను నడిపిస్తూ ఆవిడ అరచెయ్యి ఆనించిన చోటు. రేపు పెయింటర్ కప్పెయ్యబోయేది దీన్నే.

నా అరచెయ్యి అక్కడ పెట్టాను. సరిగ్గా పట్టింది. ఏడుపొచ్చింది. ఆవిడ కోసమో, అంత సరిగ్గా పట్టినందుకో చెప్పలేను.

మా స్కూలు పిల్లల నోటు పుస్తకాలు నేను భోజనాల బల్ల మీదే దిద్దుతాను. వడ్డన వేళకు ఎత్తేస్తాను. ఆ సాయంత్రం అలా ఎత్తేస్తూ ఆయనతో చెప్పాను. "పెయింటర్‌ని రావద్దన్నాను. మెషిన్ హాల్లోకి రాదు. నా గదిలో ఉంటుంది."

ఆయన వెక్కిరించలేదు. నిజంగానే అర్థంకాక అడిగారు.

"నీ గది ఏది?"

నేను పడగ్గదిలోకి వెళ్ళి, కిటికీ దగ్గరున్న ఆయన బల్లను పక్కకు జరపడం మొదలుపెట్టాను.