పూడని రంధ్రాలు

"ఇవాళ మా అక్కవాళ్ళు వస్తున్నారు, పెందరాళే వచ్చెయ్," అన్నాడు మొగుడు, ఆమె మూకుడు తోముతుండగా. తాను తిన్న పళ్ళెం కూడా సింకులో పడేసి మరీ అన్నాడు. ఇవాళ మీటింగుందని వారం నుంచీ చెవినిల్లు కట్టుకుని పోరుతోంది.

"సిమెంటు ముక్కలు ఎక్కడికి పోతాయే, రేపు చూసుకోవచ్చుగా," అన్నాడు మళ్ళీ.

గదిలోంచి అత్తగారు అందుకుంది. "ఇదివరకులా ఎదురు చెప్పడం లేదురా, కోడలు దారిలో పడింది."

దారిలో పడటం కాదు, చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఊరుకుంది. మూకుడు ఠపీమని బోర్లించి బయలుదేరింది.

ల్యాబులోనూ అదే బాగోతం. ఏడాదిగా సిమెంటు దిమ్మెలు కోసి, బొగ్గుపులుసు వాయువు నింపిన పెట్టెలో ఉంచి, రంధ్రాలు కొలిచింది ఆమె. మామూలు సిమెంటుకి ఆ వాయువు సోకితే లోపలి సన్నటి రంధ్రాలు పూడి గట్టిపడుతుంది. ఇనుప కొలిమి చెత్త, అదే స్లాగ్, ఎక్కువగా కలిపిన సిమెంటులో మాత్రం అవే రంధ్రాలు పెద్దవై నీళ్ళకు దారిస్తాయి. ఎన్నిసార్లు చెప్పినా ల్యాబు పెద్దసారు "చూద్దాంలేమ్మా" అనేవాడు. తీరా మీటింగులో తెర మీద చూస్తే, మామూలు సిమెంటుకి రాసిన ముగింపునే తెచ్చి స్లాగ్ సిమెంటు కింద అతికించేశాడు మహానుభావుడు. చెరిపి మళ్ళీ రాసే ఓపిక కూడా లేకపోయింది ఆయనకి.

ఎదురుగా కూర్చున్న బిల్డరు, నేల కింద కార్లు నిలిపే అంతస్తు స్తంభాలకి ఆ సిమెంటే వాడబోతున్నాడు. అక్కడ పొద్దస్తమానం కార్ల పొగే, అందులో ఉండేదీ ఆ వాయువే. పైన కాపురాలుంటాయి.

"అయితే పొగ తగిలేకొద్దీ ఇంకా గట్టిపడుతుందన్నమాట," అన్నాడు సంబరంగా.

"గట్టిపడదండీ," అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇందులో రంధ్రాలు పెద్దవవుతాయి. లోపల చువ్వలు తుప్పు పడతాయి."

పెద్దసారు నవ్వాడు. "మా అమ్మాయి కంగారు పడుతోంది. పాపం, ఇల్లు చూసుకోవాలి, వంట చేసుకోవాలి. నువ్వెళ్ళమ్మా, ఇక్కడ నేను చూసుకుంటాను."

అందరూ నవ్వారు. అదే సమయానికి మొగుడి ఫోను. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో నోరు విప్పితే ఉద్యోగం చేస్తున్నానన్న పొగరంటారు, ఇక్కడ విప్పితే ఇంటికి పొమ్మంటారు. మరి తాను మాట్లాడాల్సిన చోటేదో ఒక్కరూ చెప్పరు.

ఫోను ఆపేసింది. తెర దగ్గరికి నడిచి, పెద్దసారు చేతిలోంచి రిమోటు తీసుకుంది.

"నాకు ఇంటికెళ్ళే తొందరేమీ లేదు సార్. మీరు కూర్చోండి, చెబుతాను."